బ్రిటన్ చరిత్రపై తొలి పరిశోధన: ఆన్‌లైన్‌లో ఆధారాలు వెతికే పద్ధతి

బ్రిటన్ చరిత్రకు సంబంధించి ఇంటర్నెట్‌లో దొరికే సామగ్రికి కొదవ లేదు. పదకొండో శతాబ్దపు భూమి లెక్కలు మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు మంత్రివర్గ పత్రాల వరకు ఎన్నో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అయితే కొత్తగా పరిశోధనకు దిగినవారు సాధారణంగా సెర్చ్ ఇంజిన్‌లో ఒక పేరు కొట్టి, ముందుగా వచ్చిన నాలుగైదు పేజీలు చదివి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అది నిజమే అయి ఉంటుందని అక్కడితో ఆగిపోతారు. ఆ పేజీలన్నీ ఒకదాన్ని చూసి మరొకటి రాసుకున్నవి కావచ్చన్న అనుమానం వారికి రాదు. అసలు పత్రాలు చాలావరకు ప్రత్యేక డేటాబేసుల లోపల ఉంటాయి, మామూలు సెర్చ్‌కు అవి అందవు. వాటి దాకా చేరాలంటే ఏ సైటు మంచిదని అడగడానికి ముందే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ సంగతిని ఆ కాలంలో ఎవరు, ఏ అవసరం కొద్దీ కాగితం మీద పెట్టి ఉంటారు, ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే వెళ్లవలసిన సైటు దానంతట అదే తేలుతుంది.

ప్రశ్నను కుదించుకోవడం

పద్ధతి స్పష్టంగా అర్థం కావడానికి ఒక సంఘటనను తీసుకుందాం. కాథలిక్కుల మీద ఉన్న కొన్ని ఆంక్షలను పార్లమెంటు 1778లో సడలించింది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని కోరుతూ ప్రొటెస్టెంట్ అసోసియేషన్ నాయకుడు లార్డ్ జార్జ్ గోర్డన్ 1780 జూన్ 2న వేలాది మందిని వెంటబెట్టుకుని పార్లమెంటుకు వినతిపత్రం తీసుకువెళ్లాడు. ఆ ఊరేగింపు అల్లర్లకు దారితీసింది. జూన్ 6న న్యూగేట్ జైలు తగలబడింది, సైన్యం కాల్పులు జరిపితే గాని లండన్ అదుపులోకి రాలేదు. చరిత్రకారులు వీటిని గోర్డన్ అల్లర్లు అంటారు.

"గోర్డన్ అల్లర్లు" అన్న రెండు మాటలతో వెతికితే పరిచయ వ్యాసాలే దొరుకుతాయి. "న్యూగేట్ మీద దాడి చేసినవారు ఎవరు, ఏ పనులు చేసుకుని బతికేవారు?" అని అడిగితే పరిశోధనకు ఒక దిక్కు ఏర్పడుతుంది. పట్టుబడినవారిని కోర్టు విచారించింది కాబట్టి విచారణ నివేదికలు ఉంటాయి. సైన్యాన్ని నడిపించిన సేనాధిపతికి ఉత్తరాలు వచ్చి ఉంటాయి, ఆయనా ఉత్తరాలు రాసి ఉంటాడు. ప్రభుత్వానికి నివేదికలు అందాయి, పార్లమెంటు చర్చించింది, పత్రికలు రాశాయి. అల్లరిమూకలు కూల్చిన ఇళ్లకు ఆ ప్రాంతం నుంచే నష్టపరిహారం రాబట్టుకునే వీలును అప్పటి రయట్ యాక్ట్ (అల్లర్ల నిరోధక చట్టం) కల్పించింది కాబట్టి పరిహారం కోరినవారి లెక్కలు కూడా ఉండి తీరాలి. కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఇన్ని రకాల కాగితాలు ఉండవచ్చని ఊహించగలిగితే సగం పని అయినట్టే. మీ అంశం ఏదైనా సరే, ఒక కాలం, ఒక ప్రాంతం, ఒక సంస్థ అనే మూడింటినీ తెల్లకాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి.

ఎవరి రికార్డు ఎక్కడ ఉంటుంది

బ్రిటన్ అంటే ఇంగ్లండ్ అనుకోవడం తొలి పరిశోధకులు పడే పెద్ద చిక్కు. పదహారో శతాబ్దంలో వేల్స్ న్యాయపరంగా ఇంగ్లండ్‌లో కలిసింది. 1603లో ఇంగ్లండ్, స్కాట్లండ్ సింహాసనాలు రెండూ ఒకే రాజు కిందికి వచ్చాయి, 1707లో పార్లమెంటులు ఏకమయ్యాయి, 1801లో ఐర్లండ్ చేరింది, 1922లో ఐర్లండ్‌లో ఎక్కువ భాగం విడిపోయింది. 1707 తర్వాత కూడా స్కాట్లండ్ తన న్యాయవ్యవస్థను, తన చర్చిని నిలబెట్టుకుంది. అందుకే ఎడిన్‌బరోలో జరిగిన ఒక హత్య విచారణ కోసం లండన్ కోర్టు రికార్డుల్లో వెతికితే ఫలితం ఉండదు, దానికి నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్‌ను ఆశ్రయించాలి. ఇంగ్లండ్, వేల్స్‌ల ప్రభుత్వ పత్రాలతో పాటు లండన్ కేంద్ర ప్రభుత్వ పత్రాలు లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలోని ది నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఉత్తర ఐర్లండ్‌కు బెల్‌ఫాస్ట్‌లో వేరే పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఉంది. వేల్స్ సామగ్రికి అబెరిస్ట్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ ముఖ్యమైన ఆశ్రయం. డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో ఉన్న ఐర్లండ్ రికార్డు కార్యాలయం 1922లో అంతర్యుద్ధం మొదట్లో తగలబడిపోయింది. ఇతర చోట్ల మిగిలిన నకళ్ల ఆధారంగా దాన్ని తిరిగి కూర్చే ప్రయత్నమే 2022లో మొదలైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆఫ్ ఐర్లండ్. ఇలా ఒక రికార్డు ఎందుకు లేదో తెలిసి ఉండటం కూడా పరిశోధనలో భాగమే.

జిల్లా స్థాయి కాగితాలు, పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లు, జమీందారీ కుటుంబాల ఉత్తరాలు వంటివి కౌంటీ రికార్డు కార్యాలయాల్లో ఉంటాయి. వాటి కేటలాగులు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉన్నా పత్రాల చిత్రాలు అన్నిసార్లూ ఉండవు.

ముందు నమ్మదగిన పుస్తకజ్ఞానం

మూల పత్రాల మీదికి నేరుగా దూకవద్దని నా సలహా. ఎవరు ఎవరో, ఏ పదవి అంటే ఏమిటో తెలియకుండా పద్దెనిమిదో శతాబ్దపు ఉత్తరం చదివితే సగం విషయం కళ్ల ముందు నుంచే జారిపోతుంది. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ అనే సైటు ఇందుకు మంచి ఆరంభం. లండన్ విశ్వవిద్యాలయపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిస్టారికల్ రీసెర్చ్, హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ ట్రస్ట్ కలిసి 2003లో దీన్ని ప్రారంభించాయి. 1899లో మొదలై ఇంకా సాగుతున్న విక్టోరియా కౌంటీ హిస్టరీ సంపుటాల్లో అనేకం అందులో చదవవచ్చు. ఒక ఊరి చర్చి, భూస్వాములు, మిల్లులు, బడుల సంగతులను ఆధారాలతో సహా ఇచ్చే ఆ సంపుటాలు స్థానిక చరిత్రకు పునాది వంటివి. అయితే వందేళ్ల కిందట అచ్చయిన సంపుటంలో పేదల గురించి, స్త్రీల గురించి ఉండవలసినంత ఉండదు. ఆ కాలపు చరిత్రకారుల దృష్టి భూమి, చర్చి, పెద్ద కుటుంబాల మీదే ఉండేదని గుర్తుంచుకుని చదవాలి.

వ్యక్తుల జీవితాలకు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ ప్రామాణికం. 2004లో వెలువడిన ఈ నిఘంటువు చందాదారులకే తెరుచుకుంటుంది. బ్రిటన్‌లోని అనేక పబ్లిక్ లైబ్రరీల సభ్యులు తమ కార్డు నంబరుతో ఇంటి నుంచే చదవగలరు, చాలా విశ్వవిద్యాలయాలు కూడా ఆ సదుపాయం కల్పిస్తాయి. ఈ రెండూ లేనివారికి 1885 నుంచి 1900 వరకు వెలువడిన పాత డిక్షనరీ పాఠం వికీసోర్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. దానిలోని అభిప్రాయాలు విక్టోరియా కాలపువి కాబట్టి తేదీలకు, పదవులకు మాత్రమే దాన్ని వాడుకోవడం క్షేమం. ఎంపీల విషయానికి వస్తే హిస్టరీ ఆఫ్ పార్లమెంట్ సైటును మించినది లేదు, పైగా అది పూర్తిగా ఉచితం. లార్డ్ జార్జ్ గోర్డన్ 1774 నుంచి 1780 వరకు లడ్గర్‌షాల్ నియోజకవర్గ ఎంపీ కాబట్టి 1754–1790 సంపుటాల్లో అతని జీవితం, సభలో అతని తీరు చదవవచ్చు. ఆ వ్యాసం అడుగున ఉన్న సూచికలను తప్పక చూడండి. అక్కడ పేర్కొన్న ప్రతి ఉత్తరం, ప్రతి దస్త్రం మీ తదుపరి అన్వేషణకు ఒక తలుపు.

పరిశోధనా పత్రికల కోసం జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకు కొన్ని వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదవడానికి అనుమతిస్తారు. కాపీరైటు తీరిన పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాథీట్రస్ట్ రెండింటినీ చూడాలి. వికీపీడియాను తక్కువ చేయవలసిన పని లేదు, కానీ దాన్ని చదవవలసింది కింది నుంచి పైకి: ముందు ఆధారాల జాబితా, ఆ తర్వాతే వ్యాసం.

కేటలాగు, సూచిక, నకలు, చిత్రం

సైట్లను వాటి పేర్లను బట్టి కాక అవి చూపించేదాన్ని బట్టి నాలుగు రకాలుగా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కేటలాగు ఒక దస్త్రం ఉందని మాత్రమే చెబుతుంది. సూచిక ఆ దస్త్రంలో ఒక పేరు ఉందని చెబుతుంది. ఎత్తిరాసిన నకలు అందులోని మాటలను ఇస్తుంది. చిత్రం అసలు కాగితాన్నే చూపిస్తుంది. మొదటి మూడింటిలోనూ మధ్యలో ఒక మనిషో యంత్రమో ఉంది కాబట్టి పొరపాటుకు అవకాశం ఉంది. వీలైన ప్రతిసారీ చిత్రం దాకా వెళ్లాలనే నియమం పెట్టుకోండి.

నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ అనేది ప్రధానంగా కేటలాగు. అందులో మూడు కోట్లకు పైగా వివరణలు ఉన్నాయి, దేశంలోని 2,500కు పైగా ఇతర ఆర్కైవ్‌ల సమాచారం కూడా అందులో కలిసి ఉంది. చాలామంది డిస్కవరీలో పేరు కొట్టి, ఫలితం రాగానే పత్రం తెరుచుకుంటుందని ఆశిస్తారు. నిజానికి అక్కడున్న పత్రాల్లో కొద్ది భాగమే డిజిటల్ రూపంలోకి వచ్చింది, మిగతావాటికి క్యూ వెళ్లి చదవడమో, డబ్బు చెల్లించి నకలు తెప్పించుకోవడమో తప్పదు. ఫలితాల పక్కన ఉండే వడపోతల్లో (ఫిల్టర్లలో) ఆన్‌లైన్‌లో లభించేవి మాత్రమే చూపమని ఎంచుకుంటే ఇంటి నుంచి చదవగలిగినవేవో తేలిపోతుంది.

ప్రతి దస్త్రానికి ఉండే సంకేతాన్ని చదవడం వస్తే కేటలాగు సగం లొంగినట్టే. ముందున్న అక్షరాలు శాఖను, తర్వాతి సంఖ్య వరుసను, ఆపైది దస్త్రాన్ని సూచిస్తాయి. హెచ్ఓ అంటే హోం ఆఫీసు, డబ్ల్యూఓ అంటే యుద్ధ కార్యాలయం, ఏడీఎం అంటే నౌకాదళ కార్యాలయం, సీఏబీ అంటే మంత్రివర్గం, ఎస్‌పీ అంటే స్టేట్ పేపర్స్. గోర్డన్ అల్లర్లప్పుడు సైన్యానికి అధిపతి జెఫ్రీ ఆమ్‌హర్స్ట్, ఆయన కాగితాలు డబ్ల్యూఓ 34 వరుసలో ఉన్నాయి. మూడో జార్జ్ కాలపు దేశీయ వ్యవహారాల కాగితాలు ఎస్‌పీ 37లో ఉన్నాయి. "అల్లర్లు" అన్న మాటతో డిస్కవరీ మొత్తం గాలించే బదులు ఈ వరుసల లోపల 1780 సంవత్సరాన్ని వెతికితే పనికొచ్చే ఫలితాలు త్వరగా చేతికందుతాయి.

ఏ అంశానికి ఏ వరుస చూడాలో మొదట్లో ఎవరికీ తెలియదు. అందుకోసమే నేషనల్ ఆర్కైవ్స్ వందలాది పరిశోధన మార్గదర్శికలను సైటులో ఉచితంగా ఉంచింది. నావికులు, నేరస్థులు, వలస వచ్చినవారు, భూమి హక్కులు అంటూ అంశాలవారీగా రాసిన ఈ మార్గదర్శికలు ఏది ఆన్‌లైన్‌లో ఉందో, ఏది లేదో కూడా విడదీసి చెబుతాయి. తొలి పరిశోధకులకు నేను ఒక్కటే పేజీ చూపించవలసి వస్తే దాన్నే చూపిస్తాను.

ఒక విచారణను దగ్గరగా చూడటం

ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌లో 1674 నుంచి 1913 వరకు లండన్ ప్రధాన క్రిమినల్ కోర్టులో జరిగిన దాదాపు రెండు లక్షల విచారణల నివేదికలు ఉచితంగా ఉన్నాయి. నకలు పక్కనే అచ్చుపేజీ చిత్రం కూడా ఇవ్వడం ఈ సైటు గొప్పదనం. మన ప్రశ్నకు సమాధానం వెతకాలంటే నేరాల జాబితాలో శాంతిభంగం కింద ఉన్న అల్లర్లు అనే విభాగాన్ని ఎంచుకుని, కాలాన్ని 1780 జూన్ నుంచి ఆ ఏడాది చివరి వరకు కుదించాలి. జూన్ 28న మొదలైన కోర్టు సమావేశంలోని కేసులు వరుసగా వస్తాయి. ఒక్కొక్క దానికి ఒక సంకేతం ఉంటుంది: టీ అనే అక్షరం, ఆ వెంటనే 17800628 అనే అంకెలు, ఒక గీత, ఆపైన కేసు సంఖ్య. అంకెల్లో ఉన్నది సమావేశం తేదీయే కాబట్టి సంకేతం చూడగానే ఏ నాటి కేసో తెలుస్తుంది. మీ నోట్సులో రాసుకోవలసింది వెబ్ చిరునామాను కాదు, ఈ సంకేతాన్ని. చిరునామాలు మారిపోతుంటాయి, సంకేతం అలాగే నిలుస్తుంది.

న్యూగేట్ దహనానికి సంబంధించి విచారణకు వచ్చినవారిలో జాన్ గ్లోవర్, బెంజమిన్ బౌసీ అనే ఇద్దరు నల్లజాతివారు ఉన్నారు. వారి కేసులు చదువుతుంటే సాక్షి ఎక్కడ నిలబడ్డాడు, ఎంత వెలుతురులో చూశాడు, ముద్దాయిని ఎలా గుర్తుపట్టాడు అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మామూలు రోజుల్లో ఏ పుస్తకంలోనూ పేరు ఎక్కని మనుషులు ఇక్కడ తమ మాటల్లో వినిపిస్తారు. నన్ను ఈ సైటుకు కట్టిపడేసేది అదే.

అలాగని ఈ నివేదికలను కోర్టు అధికారిక రికార్డుగా భావించరాదు. ఇవి షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, అమ్ముకోవడానికి అచ్చువేసిన ప్రచురణలు. ముద్దాయి తరఫు వాదనను తరచుగా ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేసేవారు. పైగా 1780లో ఆ కోర్టు పరిధి లండన్ నగరం, మిడిల్‌సెక్స్ కౌంటీల వరకే. థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్ అప్పట్లో సర్రే కౌంటీలోది కాబట్టి, అక్కడ అల్లర్లలో పట్టుబడినవారిని 1780 జూలైలో ఒక ప్రత్యేక కమిషన్ విచారించింది. ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌లో సదర్క్ ముద్దాయిలు కనిపించడం లేదు కాబట్టి సదర్క్ ప్రశాంతంగా ఉందని రాసేస్తే ఎంత తప్పు అవుతుందో ఆలోచించండి. ఏ డేటాబేసునైనా వాడే ముందు దాని గురించి వివరించే పేజీని పూర్తిగా చదివి, ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ మనుషులు అందులో లేరో రాసుకోవాలి.

పత్రికలు, పార్లమెంటు

పత్రికలకు ముందు పేరుగా చెప్పుకోవలసింది బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్. బ్రిటిష్ లైబ్రరీ పత్రికలను స్కాన్ చేసి 2011లో దీన్ని ప్రారంభించారు. వెతకడం ఉచితం, పేజీ తెరవడానికి సాధారణంగా చందా కావాలి, కొన్ని పత్రికలను మాత్రం ఉచితంగా తెరిచి ఉంచారు. చందా కట్టే ముందు ఉచితంగా వెతికి, ఏ తేదీల పత్రికలు కావాలో జాబితా రాసుకుని, ఒక్క నెలకు కట్టి పని పూర్తి చేసుకోవడం మంచిది. వేల్స్ పత్రికల విషయంలో ఆ అవసరం లేదు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ 1919 వరకు ఉన్న పత్రికలను పూర్తి ఉచితంగా అందిస్తోంది. ప్రభుత్వ అధికారిక పత్రమైన గెజెట్ 1665లో ఆక్స్‌ఫర్డ్ గెజెట్‌గా మొదలై లండన్ గెజెట్‌గా మారింది, దాని సంచికలనూ ఉచితంగా చదవవచ్చు. రాజ ప్రకటనలు, నియామకాలు, దివాలా నోటీసులు, సైనిక పదోన్నతులు అందులో ఉంటాయి.

పాత అచ్చును యంత్రంతో చదివించినప్పుడు వచ్చే తప్పులు అన్నీ ఇన్నీ కావు. పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు ఇంగ్లిషు అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ అక్షరాన్ని పొడవుగా వేసేవారు, అది అచ్చంగా ఎఫ్ లాగే ఉంటుంది. యంత్రం దాన్ని ఎఫ్‌గానే చదువుతుంది. అందువల్ల ఇల్లు అనే అర్థంలో వాడే హౌస్ పదం కోసం వెతికితే దొరకని పేజీ, అందులోని ఎస్ స్థానంలో ఎఫ్ పెట్టి వెతికితే దొరుకుతుంది. పేర్లకూ ఇదే చిట్కా పనిచేస్తుంది. ఫలితం రాలేదంటే ఆ వార్త లేదని అర్థం కాదు. తేదీ తెలిసినప్పుడు వెతకడం ఆపేసి, ఆ వారపు సంచికను పేజీ పేజీ తిప్పి చూడటమే ఉత్తమం. అలా తిప్పుతున్నప్పుడు అదే పేజీలోని ధరలు, ప్రకటనలు, ఓడల రాకపోకలు కూడా కంటపడి, ఆ రోజు లండన్‌లో జనం ఏమి మాట్లాడుకుంటున్నారో ఒక అంచనా వస్తుంది.

పార్లమెంటు చర్చలనగానే అందరూ హాన్సార్డ్ అంటారు. కానీ ఆన్‌లైన్ హాన్సార్డ్ 1803 నుంచే మొదలవుతుంది, 1780 చర్చలు అందులో ఉండవు. అంతకు ముందు కాలానికి కాబెట్ పేరుతో వెలువడిన పార్లమెంటరీ హిస్టరీ సంపుటాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల చూడాలి. ఆ ప్రసంగాలు పత్రికల నుంచి, జ్ఞాపకాల నుంచి కూర్చినవి కాబట్టి అక్షరాలా ఆ మాటలే అన్నారని ఉటంకించడం ప్రమాదం. ఉభయసభల జర్నల్స్‌లో ప్రసంగాలు ఉండవు, తీర్మానాలు మాత్రమే ఉంటాయి. వాటిలో అనేక సంపుటాలు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

సామాన్యుల జాడ

1801 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తున్నా, ఇంటింటి పేర్లు క్రమంగా దొరికేది 1841 నుంచే. 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవారి వయసును సాధారణంగా ఐదు గుణిజానికి కిందికి దించి రాశారు. అంటే 44 ఏళ్ల మనిషి 40గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నది మాత్రమే ఉంటుంది. 1851 నుంచి అసలు వయసు, ఇంటి యజమానితో సంబంధం, పుట్టిన పారిష్ అన్నీ రాశారు. అందుకే ఒక కుటుంబాన్ని ముందు 1851లో పట్టుకుని ఆపైన 1841కి వెనక్కి వెళ్లడం సులువు. వందేళ్లు నిండేవరకు పేర్లను బయటపెట్టరు కాబట్టి ఇంగ్లండ్, వేల్స్‌ల 1921 లెక్కలు 2022లో విడుదలయ్యాయి. 1931 లెక్కలు ఎన్నటికీ రావు, ఇంగ్లండ్, వేల్స్‌లకు చెందిన ఆ కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. ఈ ఖాళీని కొంతవరకు 1939 రిజిస్టర్ పూడుస్తుంది.

లెక్కల చిత్రాలు ఎక్కువగా ఫైండ్‌మైపాస్ట్, యాన్సెస్ట్రీ వంటి చందా సైట్లలో ఉన్నాయి. ఉచితంగా కావాలంటే ఫ్యామిలీసెర్చ్‌లో ఖాతా తెరిచి 1881 లెక్కల నకలుతో మొదలుపెట్టవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1న మొదలైన జనన, వివాహ, మరణ నమోదుల సూచికను ఫ్రీబీఎండీ వలంటీర్లు ఉచితంగా అందిస్తున్నారు. వారి శ్రమకు పరిశోధకులందరూ రుణపడి ఉన్నారు. స్కాట్లండ్‌కు స్కాట్లండ్స్‌పీపుల్ సైటు ఉంది, అందులో పత్రానికి ఇంత అని కట్టాలి. వీలునామాల కోసం నేషనల్ ఆర్కైవ్స్‌లోని పీఆర్ఓబీ 11 వరుసను చూడండి. 1384 నుంచి 1858 వరకు కాంటర్‌బరీ ప్రధాన మత న్యాయస్థానంలో ధ్రువీకరించిన వీలునామాల నకళ్లు అందులో డిజిటల్ రూపంలో ఉన్నాయి. ఆస్తి ఉన్నవారివే ఎక్కువ అయినా, వాటిలో పనివారికి, బంధువులకు ఇచ్చిన చిన్న చిన్న వస్తువుల జాబితాలు ఒక ఇంటి లోపలి బతుకును చూపిస్తాయి.

బానిసత్వంతో ముడిపడిన సంపదను పరిశోధించేవారు యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి లెగసీస్ ఆఫ్ బ్రిటిష్ స్లేవరీని తప్పక చూడాలి. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం బానిసల యజమానులకు కేటాయించిన రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఎవరెవరికి చేరిందో పేరుపేరునా అందులో తెలుస్తుంది.

ఇంకా వెనకటి కాలం

1086 నాటి భూమి లెక్కల పుస్తకమైన డూమ్స్‌డే బుక్‌ను ఓపెన్ డూమ్స్‌డే సైటులో ఊరి పేరుతో వెతికి, యజమాని, నాగళ్లు, మిల్లులు, పన్ను వివరాలతో పాటు ఆ పేజీ చిత్రాన్ని కూడా చూడవచ్చు. ట్యూడర్, స్టూవర్ట్ రాజవంశాల కాలాలకు (ముఖ్యంగా పదహారు, పదిహేడో శతాబ్దాలు) బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లోని కేలండర్ ఆఫ్ స్టేట్ పేపర్స్ సంపుటాలు గొప్ప ఆసరా. ఇక్కడ కేలండర్ అంటే కాలక్రమంలో పేర్చిన పత్రాల సారాంశాలు. సారాంశంలో లేని వాక్యం అసలులో ఉండవచ్చు కాబట్టి కీలకమైన చోట సారాంశంతో సరిపెట్టుకోరాదు. పద్నాలుగో, పదిహేనో శతాబ్దాల్లో ఇంగ్లండ్‌కు వలస వచ్చినవారి వివరాలను ఇంగ్లండ్స్ ఇమిగ్రెంట్స్ డేటాబేసు ఇంగ్లిషులోనే ఇస్తుంది, లాటిన్ రానివారికి మధ్యయుగంలోకి అది అనువైన ప్రవేశం.

తేదీ, డబ్బు, చేతిరాత

1752కు ముందు ఇంగ్లండ్‌లో న్యాయపరమైన కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మొదటి చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగిన జనవరి 30ని అప్పటి పత్రాలు 1648 అంటాయి, మనం 1649 అంటాం. స్కాట్లండ్ మాత్రం 1600 నుంచే జనవరి 1కి మారింది. కొత్త కేలండర్‌కు మారడంతో 1752లో సెప్టెంబర్ 2 తర్వాతి రోజును సెప్టెంబర్ 14గా లెక్కించారు. కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలు కనిపించినప్పుడల్లా సంవత్సరం పాత లెక్కదా కొత్త లెక్కదా అని నిలబడి చూసుకోవాలి. రయట్ యాక్ట్ అధికారిక పేరులో 1714 ఉంటుంది, అమలులోకి వచ్చింది 1715 ఆగస్టు 1న. రెండు పుస్తకాల్లో రెండు సంవత్సరాలు కనిపించగానే ఒకటి తప్పని కొట్టేయకుండా కారణం వెతకాలి.

1971 ఫిబ్రవరి వరకు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. పాత మొత్తాల విలువ తెలుసుకోవడానికి నేషనల్ ఆర్కైవ్స్ వారి కరెన్సీ కన్వర్టర్ ఉపయోగపడుతుంది. నేటి పౌండ్లలో వచ్చే జవాబు కన్నా, ఆ మొత్తం నైపుణ్యం గల పనివాడి ఎన్ని రోజుల కూలితో సమానమో చెప్పే జవాబే పరిశోధనకు ఎక్కువ ఉపయోగం.

చేతిరాత దగ్గరే చాలామంది వెనుదిరుగుతారు. పదహారు, పదిహేడో శతాబ్దాల్లో వాడుకలో ఉన్న సెక్రటరీ హ్యాండ్ మొదటి చూపుకు ఒక్క అక్షరం కూడా అర్థం కానట్టు ఉంటుంది. నేషనల్ ఆర్కైవ్స్ వారి ఉచిత పాలియోగ్రఫీ (పాత చేతిరాతలు చదివే విద్య) పాఠాల్లో 1500 నుంచి 1800 వరకు రాసిన నిజమైన పత్రాలను వరుసగా చదివి అభ్యాసం చేయవచ్చు. రోజుకు నాలుగు పంక్తులు చాలు. తెలిసిన పదాల్లోని అక్షరాల ఆకారాలను విడిగా గీసుకుని, వాటితో తెలియని పదాలను పోల్చుకుంటూ పోతే చేతిరాత మెల్లగా లొంగుతుంది.

పటాలు, మారిపోయిన లింకులు

స్థలం అర్థమైతే సంఘటన అర్థమవుతుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన పటాలను బ్రిటన్ మొత్తానికి ఉచితంగా అందిస్తోంది. పాత పటాన్ని, నేటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కనే కదిలించి చూసే వీలు అక్కడ ఉంది. లండన్ పేదరికంపై సామాజిక పరిశోధకుడు చార్లెస్ బూత్ తయారుచేయించిన రంగుల పటాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సైటులో ఉన్నాయి. జిల్లాల వారీ గణాంకాలకు పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయపు విజన్ ఆఫ్ బ్రిటన్ సైటు చూడాలి.

పాత మార్గదర్శక పేజీల్లో ఇచ్చిన లింకులు పనిచేయకపోతే నిరుత్సాహపడవద్దు. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి దాని ఆన్‌లైన్ సేవలు చాలాకాలం స్తంభించాయి. అంతకు ముందు రాసిన సూచనల్లో ఆ లైబ్రరీ లింకులు ఇప్పుడు వేరే చోటికి మారి ఉండవచ్చు. పాత వెబ్ పేజీల నకళ్లను దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా పెట్టి చూస్తే కనీసం ఆ పేజీలో ఏముందో తెలుస్తుంది. ఆ ఆనవాలుతో కొత్త చోటును వెతుక్కోవచ్చు.

చూసిన ప్రతి పత్రానికి సంస్థ పేరు, దస్త్రం సంకేతం, పేజీ లేదా ఫోలియో (ఆకు) సంఖ్య, చూసిన తేదీ రాసుకోండి. మీరు చదివింది చిత్రమా నకలా అన్నది కూడా రాయండి. దొరకని వెతుకులాటలను సైతం, ఏ మాటతో ఎక్కడ వెతికారో తెలిసేలా నమోదు చేస్తే అదే పని మళ్లీ చేయవలసి రాదు.

ఆన్‌లైన్ దారులు మూసుకుపోయిన చోట రికార్డు కార్యాలయానికి ఈమెయిల్ రాయడానికి సంకోచించనక్కర్లేదు. "గోర్డన్ అల్లర్ల గురించి మీ దగ్గర ఏముంది" అని అడిగితే వారు కేటలాగు చూడమని మాత్రమే చెప్పగలరు. కేటలాగులో చూసిన సంకేతాన్ని ఇచ్చి, ఆ దస్త్రంలో ఫలానా తేదీల మధ్య ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో, వాటి చిత్రాలు పంపడానికి రుసుము ఎంతో, ప్రచురణకు అనుమతి విడిగా తీసుకోవాలా అని అడగండి. మీరు ఇప్పటికే ఏమేమి చూశారో కూడా రెండు వాక్యాల్లో రాస్తే, ఆ దస్త్రం పక్కనే ఉన్న, మీకు తెలియని మరో దస్త్రాన్ని చూపించే అవకాశం ఆ ఆర్కైవిస్టుకు కలుగుతుంది.